కుక్క మేనికి దువ్వెన: గ్రామమునకు క్షేమము

గ్రామసభలో కుక్కల ప్రసక్తి వచ్చినప్పుడు సాధారణముగా రెండే మాటలు వినబడుచుండును. ఊరిలో కుక్కలు పెరిగినవనునది ఒకటి. వాటిని ఎక్కడికైనను పంపివేయుడనునది రెండవది. ఆ కుక్కలలో ఎన్నింటికి ఇల్లు గలదు, ఎన్నింటి మెడమీద మనిషి చేయి వేయుటకు వీలగును అను ప్రశ్న మాత్రము అరుదుగా వచ్చును. పంచాయతీ సభ్యులు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే యని మా అభిప్రాయము. చేయి వేయనిచ్చు కుక్కకు టీకా వేయవచ్చును, గాయము కడుగవచ్చును, పిడుదులను తీయవచ్చును. చేయి వేయనీయని కుక్కకు వీటిలో ఏదియు సాధ్యము కాదు. ఎంత నేర్పరియైన వైద్యుడు వచ్చినను దూరమునుండి చూచి మరలిపోవలసినదే. కుక్కకు మనిషి చేతిని అలవాటు చేయు సాధనములలో మిక్కిలి చౌకయైనది దువ్వెన. ఆ దువ్వెనను గూర్చియే ఈ పాఠము.

కుక్కను దువ్వుట పట్టణములలోని ధనికుల ముచ్చట యని పలువురు తలంతురు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల కుక్కలను ఒకమారు పరికించి చూచినచో ఈ తలంపు నిలువదు. జగిత్యాల చుట్టుపట్ల మామిడితోటలకును వరిపొలములకును కావలి కుక్కలు గలవు. కోరుట్ల వైపు పసుపు చేలలో రైతు వెంట కుక్క తిరుగుచుండును. గొల్లకురుమల మందలవెంట పోవు కుక్కలు ఈ ప్రాంతమంతటను కనబడును. సిరిసిల్లలో మరమగ్గముల షెడ్ల ముందర పగలంతయు పండుకొని రాత్రి మేల్కొను కుక్కలు వేరు. ఇక దూరదేశములలో పనిచేసి వచ్చినవారి ఇండ్లలోను, ఉద్యోగుల ఇండ్లలోను పొమేరియను, లాబ్రడారు, జర్మన్ షెపర్డు జాతుల కుక్కలును చేరినవి. వీటిలో ప్రతిదాని బొచ్చులోను ఏదో యొక కథ దాగియుండును. దువ్వి చూచినవానికే అది తెలియును.

బొచ్చు స్వభావము

మన నాటు కుక్కకు పొట్టి బొచ్చుండును. ఇది శరీరమునకు అంటియుండి, దుమ్మును చాలవరకు తానే దులుపుకొనును. వారమునకు ఒకటి రెండు మారులు దువ్విన చాలును. పొమేరియను, జర్మన్ షెపర్డు వంటి వాటికి బొచ్చు రెండు వరుసలుగా నుండును. పైన గరుకైన పొడుగు వెంట్రుకలు, వాటి క్రింద దూదివంటి మెత్తని లోబొచ్చు. ఈ లోబొచ్చు కాలము మారునప్పుడు గుత్తులు గుత్తులుగా ఊడును. ఊడినది బయటికి రాక లోపలనే చిక్కుకొనినచో జడలు కట్టును. జడల క్రింద గాలి తగులదు, తడి ఆరదు, చర్మము ఎర్రబారి, చీము పట్టి, దుర్వాసన వేయును. ఇట్టి కుక్కలను దినదినము దువ్వవలెను.

వేసవిలో మన జిల్లాలయందు ఎండ 45 డిగ్రీలకు చేరు దినములు గలవు. కుక్కకు ఉక్క పోయుచున్నదని జాలిపడి, కొందరు రెండు వరుసల బొచ్చుగల కుక్కను మంగలి కత్తెరతో నున్నగా గొరిగించుచున్నారు. ఇది మేలు కాదు. కుక్క మనవలె ఒడలంతట చెమట పోయదు. నాలుక చాపి రొప్పుటచేతనే అది వేడిని ముఖ్యముగా వెలిపుచ్చుకొనును. దువ్వి, చచ్చిన లోబొచ్చును తీసివేసిన పిదప మిగులు బొచ్చు ఎండకును చర్మమునకును నడుమ తెరవలె పనిచేయును. దానిని గొరిగినచో ఎండ నేరుగా చర్మమునకు తగులును. మరియు కొన్ని కుక్కలకు ఆ బొచ్చు మునుపటివలె తిరిగి మొలవదు. గొరుగుటకు బదులు దువ్వెన, నీడ, ఎల్లప్పుడును ఒక మట్టిపాత్రలో నీరు – ఇవి చాలును.

పొలము గట్లమీద తిరుగు కుక్కకు వేరొక బాధ గలదు. వానలు తగ్గిన తరువాత, ఉత్తరేణి కంకులు ఎండిన దినములలో, దాని గింజలు కుక్క పొట్టకును తొడలకును అంటుకొని వచ్చును. మరులమాతంగి కాయలు తోకను, చెవుల వెనుకను చిక్కుకొనును. పల్లేరుకాయలు పాదముల మెత్తలలో దిగును. గడ్డి ముళ్లు కొన్ని వ్రేళ్లసందున గ్రుచ్చుకొని, లోనికి చొచ్చుకొనిపోయి, వారము దినములకు చీముగడ్డయై తేలును. అప్పుడు కుక్క కుంటుచున్నదని చూచి, ఎవరో కొట్టినారని అనుకొందుము. సాయంకాలము చేని నుండి వచ్చిన వెంటనే పాదములు పట్టి చూచిన ఆ గ్రుచ్చుకొనిన మొన అప్పుడే చేతికి దొరకును.

దువ్వు విధము

దీనికి అంగడి సామగ్రి తప్పనిసరి కాదు. పండ్లు ఎడముగానున్న దువ్వెన యొకటి, పండ్లు దగ్గరగానున్న పేల దువ్వెన యొకటి, గరుకైన బ్రష్షు యొకటి, ఒక తెల్లని గుడ్డపేలిక. పొట్టి బొచ్చు కుక్కకు బ్రష్షును, పేల దువ్వెనయు చాలును. పొడుగు బొచ్చు కుక్కకు తీగెల పండ్లుగల బ్రష్షు జగిత్యాల, సిరిసిల్ల పట్టణములలో కొనదగును. అయితే తీగె మొనలు చర్మమును గీరకుండ ముందుగా తన మోచేతిమీద నొక్కి చూచుకొనవలెను. కుక్కకు వాడిన దువ్వెనను ఇంటివారి తలకు వాడరాదని వేరుగా చెప్పనక్కరలేదు గాని, చెప్పుటయే మంచిది.

నేతపని ఎరిగిన సిరిసిల్లవారికి దువ్వు దిక్కును గూర్చి ఎక్కువగా చెప్పనవసరము లేదు. చేతిమగ్గపు దినములలో పడుగునకు గంజి పెట్టి కుంచెతో దువ్వునప్పుడు నూలు పోవు దిక్కుననే కుంచె పోవలెను. ఎదురు దువ్విన పోగులు రేగి తెగును. కుక్క బొచ్చును అంతియే. మెడనుండి తోకవైపు, వీపునుండి పొట్టవైపు, వెంట్రుక వాలిన దిక్కుననే దువ్వవలెను. చర్మమును చూడవలసి వచ్చినచో ఎడమచేతితో బొచ్చును పాయగా విడదీసి చూడవచ్చును. జడ కట్టినచోట ఒక్కసారిగా లాగరాదు. జడకును చర్మమునకును నడుమ వ్రేళ్లనుంచి, కొననుండి కొద్దికొద్దిగా విడదీసికొని మొదలునకు రావలెను. విడివడని జడను కత్తెరతో కోయుటలో అపాయము గలదు. జడతోపాటు చర్మమును పైకి లేచియుండును గనుక పలువురు చర్మమునే కోసి, పిదప కుట్లకై వైద్యశాలకు పరుగెత్తుచున్నారు. నడుమ ఒక దువ్వెనను అడ్డముంచి, దానికి పైన మాత్రమే కత్తిరింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మొదటి వారము. మునుపెన్నడు చేతిక్రింద నిలువని కుక్కను పట్టి, కట్టి, నలుగురు అదిమిపట్టి దువ్వినచో అది దువ్వెనను జన్మాంతము ద్వేషించును. మొదటి దినము దువ్వెనను చూపి, వాసన చూడనిచ్చి, భుజము మీద రెండు మారులు దువ్వి, ఒక జొన్నరొట్టె తునక పెట్టి విడువవలెను. మరునాడు మరికొంత. తలమీదికి ఎదురుగా చేయి చాపరాదు; ప్రక్కగా కూర్చుండి భుజమునుండి మొదలు పెట్టవలెను. పాదములు, చెవులు, తోక క్రింద – ఈ చోట్లను తాకనిచ్చుటకు కుక్కకు పది దినములు పట్టవచ్చును, నెల పట్టవచ్చును. విసుగు పుట్టకముందే మనమే చాలించుట ఇందలి రహస్యము. అయిదు నిమిషముల పని దినదినము చేసినది, నెలకొకసారి గంటసేపు చేసినదానికంటె మేలు. కుక్కపిల్ల మూడు వారములనుండి సుమారు పదునాలుగు వారముల వయస్సు వరకు దేనిని చూచిన దానిని తన లోకములో భాగముగా చేర్చుకొనును. ఆ వయస్సులో దువ్వెన, మనిషి చేయి, గోరు పట్టి చూచుట అలవాటైన కుక్క పెద్దదైన తరువాత వైద్యునికి శ్రమ యీయదు.

కుక్క తనకు ఇష్టము లేదని ముందుగానే చెప్పును. పెదవులు నాకుకొనుట, ఆవులించుట, ఒడలు బిగబట్టుట, కన్ను తిప్పి తెల్లగ్రుడ్డు చూపుట – ఇవి దాని మాటలు. గుర్రుమనుట కడపటి మాట. గుర్రుమన్నందుకు కొట్టినచో అది మరుసటిసారి గుర్రుమనకుండనే కరచును. హెచ్చరికను మాన్పించుట వలన కోపము మానదు. చిన్నపిల్లలను ఒంటరిగా ఈ పనికి పంపరాదు. కుక్క తినుచున్నప్పుడును, పిల్లల నీనిన ఆడుకుక్కను దువ్వరాదు. కుక్క తోక వంకర యని లోకోక్తి. ఆ తోకను సరిచేయుమని మేము చెప్పుట లేదు. దానిని ఎత్తి క్రింద ఏమున్నదో చూడుమని మాత్రమే చెప్పుచున్నాము.

దువ్వెనకు దొరకునవి

తోక క్రింద, చెవుల లోపల, మెడ క్రింద, ముందుకాళ్ల చంకలలో, వ్రేళ్లసందున పిడుదులు దాగును. కుక్కలను పట్టు గోధుమరంగు పిడుదు మన దేశమంతటను గలదు. దాని వర్తన తెలిసికొనిన గాని దానిని గెలువలేము. రక్తము త్రాగి జొన్నగింజ కంటె లావైన ఆడ పిడుదు కుక్కనుండి రాలి, గోడ పగులులలోనికి ప్రాకి, వేలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. గ్రుడ్లనుండి వచ్చిన పిల్లలు మరల కుక్కను వెదకుకొని ఎక్కును. రక్తము త్రాగి రాలును. పెరిగి మరల ఎక్కును. ఆహారము లేకయే నెలలకొలది గోడలో వేచియుండగలవు. కావున కుక్క మేనినుండి పది పిడుదులు తీసి, ఊరక కూర్చున్నచో పనిలో సగమైనను కాలేదు. కుక్క పండుకొను గోనెసంచిని వేడినీట ఉడికించి ఎండలో ఆరవేయవలెను. పంచ గోడలలో బీటలను మట్టితోనో సిమెంటుతోనో పూడ్పింపవలెను. పాత మట్టిగోడలుగల ఇండ్లలో ఈ పని ముఖ్యము.

పిడుదును తీయుటకు మొన సన్నని పట్టకారు కావలెను. చర్మమునకు వీలైనంత దగ్గరగా దాని నోటికడ పట్టి, మెల్లగా, తిన్నగా పైకి లాగవలెను. అగ్గిపుల్లతో కాల్చుట, కిరసనాయిలు పోయుట తగదు. కుక్క చర్మము కాలును, పిడుదు కంగారుపడి తన లాలాజలమును ఇంకను లోనికి క్రక్కును. తీసినదానిని గోటితో చిదుపరాదు. సబ్బునీటి సీసాలోనో స్పిరిటులోనో వేయవలెను. ఈ పిడుదు కాటువలన ఎర్లికియా యను సూక్ష్మజీవి కుక్క రక్తములో చేరును. జ్వరము, తిండి మానుట, చిగుళ్లు పాలిపోవుట, ఒక్కొక్కప్పుడు ముక్కువెంట రక్తము కారుట దాని గుర్తులు. ముందుగా తెలిసినచో మందునకు లొంగును. దువ్వునప్పుడు పెదవి ఎత్తి చిగుళ్లను చూచు అలవాటున్న యజమానికి ఈ తెల్లదనము వారము ముందుగా కనబడును.

దూకెడి చిన్న నల్లని పురుగులు, ఫ్లీ అనబడునవి, కంటికి దొరకవు. వాటిని పట్టుటకు ఉపాయము గలదు. పేల దువ్వెనతో నడుముమీద దువ్వి, రాలిన నల్లని పొడిని తడిపిన తెల్లగుడ్డమీద వేయుడు. అది మట్టియైనచో మట్టిగానే యుండును. గుడ్డమీద ఎర్రని మరక వ్యాపించినచో అది జీర్ణమైన రక్తము, అనగా ఫ్లీ పురుగుల మలము. ఈ పరీక్షను బడిపిల్లలకు చూపినచో వారు ఊరంతయు చేసి చూపగలరు.

చెవి అంచులు, మోచేతులు, కాలి మడమలు బొచ్చు రాలి పొలుసులు కట్టి, కుక్క రాత్రింబవళ్లు గోకుకొనుచున్నచో గజ్జి యని అనుమానింపవలెను. ఇట్టి గజ్జిలో నొక రకము దానిని తాకిన మనుష్యుల చేతులకును దురద పుట్టించును. ఇంటిల్లిపాది గోకుకొనుచు, ఒకరినొకరు నిందించుకొనుచు, కుక్కను మాత్రము చూడని ఇండ్లు గలవు. గజ్జి పట్టిన కుక్కను దువ్వుట మాని వైద్యునికి చూపవలెను. వానకాలమున చిన్న గాయముపై ఈగ వ్రాలిన, రెండు మూడు దినములలో పురుగులు పడును. బొచ్చు దట్టముగానున్న కుక్కలో ఈ గాయము పైకి కనబడదు. వాసనయే మొదటి గుర్తు. దినదినము చేయి పోవుచోట పురుగు పడుట అరుదు.

పూయగూడనివి

ఈ విషయమున మేము కొంత గట్టిగా చెప్పవలసియున్నది. గజ్జికి మోటారుబండ్ల కాలిన ఆయిలు పూయుట, పిడుదులకు పొలములో పిచికారి చేయు పురుగుమందును నీళ్లలో కలిపి కుక్కపై పోయుట మన గ్రామములలో అలవాటైనది. కుక్క తన మేనిని తాను నాకుకొను జంతువు. మేనిమీద పోసినది గంటలో దాని కడుపులో నుండును. నోట నురుగు, వణకు, కొట్టుకొనుట వచ్చి చచ్చిన కుక్కను చూచి రోగముతో చచ్చినదందురు. కాలిన ఆయిలులో లోహముల విషములు గలవు; అది గజ్జి పురుగును చంపుటకంటె ముందుగా చర్మమును కాల్చును. పశువులకు మిగిలిన సూదిమందును ఉజ్జాయింపుగా కుక్కకు వేయుటయు అంతే అపాయకరము. ఎద్దు బరువెక్కడ, కుక్క బరువెక్కడ. కుక్కలకై తయారైన మందులు గలవు. వాటిని కుక్క బరువును బట్టి వైద్యుడు నిర్ణయించును. కుక్కల మందులలో కొన్ని పిల్లులకు ప్రాణాంతకములు. రెండును ఉన్న ఇండ్లవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను.

స్నానమును గూర్చి రెండు మాటలు. ఆరోగ్యముగా నున్న కుక్కకు నెలకొకసారి స్నానము సామాన్యముగా చాలును. స్నానమునకు ముందు దువ్వవలెను, తరువాత కాదు; తడిసిన జడ మరింత బిగుసుకొనును. మనుష్యుల సబ్బు, బట్టల సబ్బు కుక్క చర్మమునకు ఘాటు. దాని చర్మము మన చర్మముకంటె పలుచనిది. చెవులలోనికి నీరు పోనీయక, సబ్బు అంతయు పోవువరకు కడిగి, పాతగుడ్డతో తుడిచి నీడలో ఆరనీయవలెను. లారీల క్రింద పండుకొని గ్రీజు పూసికొని వచ్చిన కుక్కకు కిరసనాయిలుకు బదులు కొంచెము వంటనూనె రాచి, మెత్తబడిన తరువాత సబ్బుతో కడుగవచ్చును. త్రాగునీటి బోరింగు దగ్గర ఈ పనులేవియు చేయరాదు. ఈ నియమమును పంచాయతీ తీర్మానముగా చేసిన తప్పు లేదు.

మందకుక్కయు, పిల్లల చేతులును

గొల్లకురుమలు గొర్రె ఒడలిని చదువనేర్చినవారు. ఉన్ని పాయతీసి చర్మము రంగు చూచుట, కంటిరెప్ప విప్పి రక్తము లేమి కనిపెట్టుట వారికి తండ్రితాతలనుండి వచ్చిన విద్య. ఆ విద్యనే కుక్కమీదను ప్రయోగింపుడని వారిని కోరవలసియున్నది. ఏలనన గొర్రెకును, కుక్కకును, మనిషికిని నడుమ ఒక రోగపు గొలుసు గలదు.

గొర్రెను కోసినచోట పారవేసిన కార్జము, ఊపిరితిత్తులు తిన్న కుక్క కడుపులో ఒక చిన్న బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు కుక్క మలముతో బయటపడి నేలమీదను, గడ్డిమీదను చేరును. కుక్క వెనుకభాగమును, బొచ్చును అంటుకొని కంటికి కనబడక యుండును. గడ్డితో ఆ గ్రుడ్లు గొర్రె కడుపులోనికి పోయిన నీటిబుడ్డలు కట్టును. కుక్కను ముద్దాడి చేయి కడుగక అన్నము తిన్న బిడ్డ కడుపులోనికి పోయినను అదియే జరుగును. మనిషి కార్జములో ఆ నీటిబుడ్డ ఏండ్లతరబడి నిశ్శబ్దముగా పెరిగి, తుదకు శస్త్రచికిత్స అవసరమగును. దీనిని హైడాటిడ్ వ్యాధి యందురు. గొర్రె మెదడులో బుడ్డ కట్టి, ఒకే వైపునకు గుండ్రముగా తిరిగి తిరిగి పడిపోవు రోగమునకును కుక్క కడుపులోని మరొక బద్దెపురుగే మూలము. తల తినిన కుక్క ద్వారా అది మందకు తిరిగి వచ్చును.

ఇందుచేత దువ్వు పనికి మూడు కట్టుబాట్లు. దువ్విన తరువాత సబ్బుతో చేతులు కడుగుట. రాలిన బొచ్చును వాకిట ఊడ్చివేయక గుంటలో పూడ్చుట. మందకుక్కకు మూడునెలలకొకసారి వైద్యుని సలహాపై కడుపు పురుగుల మందు వేయుట. కాని ఇంటివారు ఎంత చేసినను, జాతర దినములలోను ఆదివారములలోను కోత జరుగుచోట పేగులు, కార్జములు బయట పడవేయుచున్నంత కాలము గొలుసు తెగదు. కోత వ్యర్థములను లోతైన గుంటలో సున్నము చల్లి కప్పించుట పంచాయతీ పని. ఆ గుంట లేని ఊరిలో కుక్కలు పెరిగినవని ఫిర్యాదు చేయుటలో అర్థము తక్కువ. వాటికి విందు పెట్టుచున్నది మనమే.

టీకా దినము

పాశ్చరు పండితుడు 1885 జూలై 6న పిచ్చికుక్క కరచిన యొక బాలునికి తన టీకా వేసి బ్రదికించెను. నేటికి 140 ఏండ్లు దాటినను రేబీస్ లక్షణములు తలయెత్తిన మనిషిని బ్రదికించు నమ్మకమైన చికిత్స లేదు. కాని అది రాకుండ పూర్తిగా ఆపవచ్చును. ఊరి కుక్కలలో నూటికి 70కి తగ్గకుండ టీకా పడినచో వ్యాధి ఆ ఊరిలో నిలువజాలదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కుక్కల మూలమున వచ్చు రేబీస్ మరణములను 2030 నాటికి లేకుండ చేయవలెనని మన దేశము 2021 సెప్టెంబరు 28న జాతీయ కార్యప్రణాళికను ప్రకటించినది.

ఆ 70 ఎట్లు వచ్చును? వైద్యుడు సూది తెచ్చిన దినమున ఎన్ని కుక్కలు పట్టుబడునో దానిపై ఆధారపడియున్నది. ఇంటికుక్కయే గొలుసు తెంచుకొని పారిపోవుచుండ, వాడకట్టు కుక్కలమాట చెప్పనేల? కాబట్టి శిబిరమునకు నెల ముందే పంచాయతీ పని ఆరంభము కావలెనని మా సలహా. వార్డు సభ్యులు తమ వార్డులో కుక్క ఉన్న ఇండ్లను వ్రాసికొని, దువ్వెన పని అలవాటు చేయుమని చెప్పవలెను. ఎవరిదియు కాని కుక్కకు సైతము ప్రతి వాడకట్టులో అన్నము పెట్టు ఒక అవ్వయో, ఒక పిల్లవాడో ఉందురు. ఆ కుక్క తల నిమురనిచ్చునది వారికే. శిబిరమునాడు వారు రాకపోయినచో ఆ కుక్కయు రాదు. వారిని గౌరవముగా పిలువవలెను. అయితే వారు గాని, మరెవరు గాని, కొత్తగా వచ్చిన కుక్కను, నడవడి మారిన కుక్కను, చొంగ కార్చుచు తూలుచు తిరుగు కుక్కను తాకరాదు. దానిని దువ్వుటకు గాని పట్టుటకు గాని పోక పశువైద్యునికి వెంటనే తెలుపవలెను.

దువ్వునప్పుడు పంటిగాటు గాని గోటిగీత గాని పడినచో, పుండుమీద కుక్క నాకినచో, సబ్బుతో పారు నీటిక్రింద 15 నిమిషములు కడిగి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. పసుపు పండించు సీమలో ఈ మాట చెప్పుట కష్టమే గాని, గాయముమీద పసుపు అద్దరాదు. కారము, ఆకుపసరు అంతకంటెను కూడదు. ఇంటికుక్కయే కదా యని ఊరకుండరాదు. మొదటి దినముతో ఆపక, వైద్యుడు చెప్పిన దినములన్నిటను టీకాలు వేయించుకొనవలెను.

కొన్ని చోట్ల కుక్కల బెడదకు విషము పెట్టించుటయే మార్గమని పంచాయతీలపై ఒత్తిడి వచ్చుచున్నది. సభ్యులు ఇందులకు లోబడరాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము అది నేరము. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 325వ విభాగము జంతువును చంపినవానికి అయిదేండ్లవరకు శిక్ష విధించుచున్నది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము పెంపుడు కుక్క టీకా యజమాని బాధ్యత. వీధి కుక్కలకు టీకా, సంతాన నిరోధక శస్త్రచికిత్స స్థానిక సంస్థ బాధ్యత. చట్టమటుండ, లెక్కను చూచినను అది తెలివితక్కువ పని. టీకా పడి, చేయి అలవాటైన కుక్క చచ్చినచోటికి టీకా లేని కొత్త కుక్క పొరుగూరినుండి వచ్చి చేరును.

కోరుట్లలో శ్రీ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన పశువైద్య కళాశాల గలదు. జగిత్యాల జిల్లా పంచాయతీలకు ఇది చేతికందు సదుపాయము. ఒక దినమున బడి ఆవరణలో దువ్వు విధము, పిడుదు తీయు విధము చేసి చూపుటకు విద్యార్థులను పంపుమని కళాశాలను అర్థింపవచ్చును. రాజన్న సిరిసిల్ల జిల్లా వారు మండల పశువైద్యాధికారిని అడుగవచ్చును.

శిబిరమును ఉదయమే, ఎండ ముదరకముందే, చెట్టునీడ గలచోట పెట్టవలెను. కుక్కలను ఒకదానికొకటి ఎదురుపడకుండ దూరదూరముగా నిలుపవలెను. నోరు కట్టవలసిన కుక్కకు జేనెడు వెడల్పు మెత్తని గుడ్డను పొడుగుగా మడిచి, మూతిచుట్టు ఒక చుట్టు చుట్టి, గడ్డము క్రింద ముడివేసి, చెవుల వెనుకకు తెచ్చి విప్పుటకు వీలగు ముడి వేయవలెను. ఇట్టి గుడ్డలకు సిరిసిల్లలో కొరత లేదు. నోరు కట్టిన కుక్క రొప్పలేదు గనుక సూది పడిన మరుక్షణమే కట్టు విప్పవలెను. కుక్క గుర్తులు, యజమాని ఇంటి సంఖ్య, టీకా తేదీ ఒక పుస్తకములో వ్రాసి పంచాయతీ కార్యాలయమున ఉంచవలెను. కుక్కపిల్లలకు మూడు నెలల వయస్సున మొదటి టీకా గనుక, ఆ దినమునాటికి వయస్సు చాలని పిల్లలను అదే పుస్తకములో వేరు పుటలో వ్రాసి, గడువు వచ్చిన వారమున వార్డు సభ్యుడు ఆ ఇంటికి పోయి జ్ఞాపకము చేయవలెను.